తొండి అనే ముందు ఒకసారి చిట్టీ చూడుర్రి

ఈసారి పోస్టు స్కాలర్‌షిప్ గురించి కాదు, బస్ పాస్ గురించి కాదు. ఆట గురించి. "ఆట గురించి ఇంత పెద్ద పోస్టా" అని నవ్వేటోళ్లు నవ్వుర్రి గానీ చివరిదాకా చదువుర్రి. ఒక ఆట వల్ల మా రూములో ఒక తమ్ముడు పదిహేను రోజులు మాతో కూసోని అన్నం తినలే. తప్పు మాది. తప్పును పదిమంది ముందు చేసినం కాబట్టి పదిమంది ముందే చెప్పుకుందామని రాస్తున్నం.

మేము గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం వైపు నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండేటోళ్లం. కోయ పిల్లలున్నరు, లంబాడ పిల్లలున్నరు, ఒక ఎరుకల తమ్ముడు ఉన్నడు. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. రాత్రి తొమ్మిది దాటినాక ఫోన్ డేటా కూడా అయిపోతది, కరెంటు ఉంటే ఉంటది లేకుంటే లేదు. అట్లాంటప్పుడు ఏదో ఒక ఆట. క్యారమ్స్ బోర్డుకు స్ట్రైకర్ పోయి ఏడాదైంది. పోయిన దసరా సెలవుల్లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక సీనియర్ అన్న వచ్చి కొత్త ఆట నేర్పిపోయిండు. దానికి మేం పెట్టుకున్న పేరు "కథాట".

తెల్వనోళ్లకు రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట తెచ్చిండ్రు. బల్ల చుట్టూ కూసుంటరు. ఒకరు కథ నడిపిస్తరు, మిగతా నలుగురైదుగురు ఆ కథలో ఒక్కొక్క మనిషి అయితరు. ఒకరు విలుకాడు, ఒకరు వైద్యం తెలిసినోళ్లు, ఒకరు దారి చూపేటోళ్లు. "ఎదురుగ ఎలుగుబంటి వచ్చింది, ఏం చేస్తవ్" అని కథ నడిపేటోడు అడుగుతడు. "బాణం వేస్త" అంటం. తగిలిందా లేదా అన్నది డైసు చెప్తది. అక్కడ ఇరవై ముఖాల డైసు వాడుతరు. అది మాకు ఏడ దొరుకుతది? నోటుబుక్కు అట్ట కత్తిరించి, ఒకటి నుంచి ఇరవై దాకా రాసి, చిట్టీలు స్టీలు గ్లాసుల వేసినం. తీసిన చిట్టీ మళ్లా గ్లాసుల వెయ్యాలె, కలపాలె.

కథలో రాజులు, కోటలు ఏం లేవు. మా కథ భీమునిపాదం దగ్గర మొదలైతది. సీతానగరం దగ్గరి జలపాతం మన గూడూరోళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఆ నీళ్ల వెనక ఒక దారి ఉందని, అది పోయి పోయి పాకాల చెరువు కింద తేల్తదని మేం కల్పించుకున్నం. కథ నడిపేటోన్ని ఇంగ్లీషుల డంజియన్ మాస్టర్ అంటరట. మేం "పెద్దమనిషి" అంటున్నం, గొడవ వస్తే తెంపాల్సింది ఆయనే కాబట్టి. రాత్రంతా కథ వినుడు మనకు కొత్త కాదు. సమ్మక్క సారలమ్మ కథ డోలి కొట్టి చెప్పేటోళ్లు ఉన్నరు, ఆ డోలికే సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. కాకుంటే డోలి కథ ఎట్ల నడవాలెనో అట్లనే నడుస్తది. మా కథ చిట్టీని బట్టి తిరుగుతది. గొడవంతా ఆ చిట్టీ దగ్గరనే.

జరిగింది ఇది. మా ఎరుకల తమ్ముడు మొదటి సంవత్సరం, మా అందరికంటే చిన్నోడు. కథలో వాడు విలుకాడు. ఆ రాత్రి ఎలుగుబంటి వచ్చింది. పెద్దమనిషి "పదిహేను రావాలె" అన్నడు. అంటే తీసిన చిట్టీకి మన విలువిద్య అంకె కలిపితే పదిహేనన్నా కావాలె. తమ్ముడు చిట్టీ తీసి, చూసుకొని, గ్లాసుల వేసి "పదిహేడు" అన్నడు. తగిలింది. రెండోసారి "పదహారు". తగిలింది. మూడోసారి "పదిహేను". సరిగ్గ పదిహేను!

మాలో ఒకడు లేచి "అరేయ్, తొండి! చిట్టీ చూపియ్" అన్నడు. చిట్టీ అప్పటికే గ్లాసుల పడ్డది, ఏం చూపిస్తడు? తమ్ముడు "లేదన్నా, నిజంగనే వచ్చింది" అన్నడు. "ప్రతిసారి నీకే ఎట్ల వస్తది?" అని ఇంకొకడు. అక్కడితో ఆగితే ఆటలో గొడవ అయ్యేది, తెల్లారి మర్చిపోయేటోళ్లం. కానీ మూల నుంచి ఒకడు మెల్లగ "బుద్ధి ఏడికి పోతది" అన్నడు. ఏ బుద్ధి అన్నది ఎవ్వరం అడగలే, అందరికీ తెలుసు. ఇద్దరు నవ్వినరు కూడా. అది రాయకుంటే ఈ పోస్టు అబద్ధమైతది. తమ్ముడు తన కాగితం చాప మీద పెట్టి, లేచి, వేరే రూముకు పోయి పండుకున్నడు.

నాలుగు రోజులైనాక ఆ కాగితం డబ్బాల పెట్టేటప్పుడు చూసినం. మా ఆటలో చూపుకు ఒక అంకె, బలానికి ఒక అంకె ఉంటది. వాడికి చూపు 2, బలం 2. రెండు కలిపితే విలువిద్య 4. అంటే చిట్టీకి నాలుగు కలపాలె, అంతే. కాగితం అంచుల మీద వాడు పెన్సిలుతోటి లెక్కలు వేసుకున్నడు: 11+4+2=17. 10+4+2=16. 9+4+2=15. బలాన్ని రెండుసార్లు కలుపుతున్నడు! ఎందుకు? మొదటి రోజు మేమే చెప్పినం, "కొట్టేటప్పుడు బలం కలుపుకో" అని. అది నాలుగులో ముందే కలిసి ఉందని చెప్పలే. వాడు మేం చెప్పింది చెప్పినట్టు చేసిండు.

మోసం చేసేటోడు లెక్క రాసి పెడతడా? ఆ కాగితం ఆ రాత్రంతా లైటు కింద మా ముందటనే ఉంది. ఒక్కడం కూడా వంగి చూడలే. మనిషి మొఖం చూసినం గానీ కాగితం చూడలే.

సరే, తప్పు లెక్క వల్ల వాడికి ఎంత కలిసొచ్చింది? అది కూడా వేసి చూసినం. నాలుగు కలిపితే పదిహేను కావాలంటే పదకొండు నుంచి ఇరవై దాకా ఏ చిట్టీ వచ్చినా చాలు. ఇరవైలో పది, అంటే సగం. ఆరు కలిపితే తొమ్మిది నుంచి ఇరవై, అంటే ఇరవైలో పన్నెండు. పది బాణాలకు ఒక్క బాణం ఎక్కువ తగులుతది, గంతే. "ప్రతిసారి నీకే" అనే మాట ఆ ఒక్క బాణం నుంచి రాలేదు. ఇంకో లెక్క చూడుర్రి. అసలు ఏ తప్పూ లేకుండా అందరం సగం సగం ఛాన్సుతోటి ఆడినా, ఒక మనిషికి వరుసగ మూడు తగిలే ఛాన్సు ఎనిమిదిలో ఒకటి. ఆడేది అయిదుగురం. అయిదుగురిలో ఎవరో ఒకరికి ఆ రాత్రి మొదటి మూడూ తగిలే ఛాన్సు నూటికి 48 పైనే. అంటే దాదాపు రెండు రాత్రులకోసారి ఎవరో ఒకరు "తొండి" లెక్క కనపడుతనే ఉంటరు. అంతకు ముందు వారం మా గంగారం అన్నకు వరుసగ నాలుగు తగిలినయి. మేమేమన్నం? "అన్నకు సమ్మక్క తల్లి తోడుంది" అని చప్పట్లు కొట్టినం. ఒకరికి వస్తే అదృష్టం, ఒకరికి వస్తే తొండి. ఎవరికి వస్తే ఏమంటున్నమో అక్కడనే మా సంగతి బయటపడ్డది.

తమ్ముడు ఎందుకు అడగలే అనేటోళ్లుంటరు. మేం కూడా తర్వాత అడిగినం. "మీకందరికీ తెలిసినట్టే ఉన్నది అన్నా, నాకొక్కనికే తెల్వదని ఎట్ల అడగాలె" అన్నడు. ఈ మాట మాకు చెంపమీద కొట్టినట్టయింది, ఎందుకంటే ఇది మా మాటనే. క్లాసుల సార్ "అర్థమైందా" అంటే అందరికంటే ముందు "అయింది సార్" అనేది మేమే. ఇంగ్లీషు మీడియం పిల్లలు చెయ్యెత్తి అడుగుతరు, వాళ్లకు తెల్వకపోయినా సిగ్గు లేదు. మాకు తెల్వదని తెలిస్తే "రిజర్వేషన్ల వచ్చినోడు" అంటరని భయం. అట్ల దాచుకున్న తప్పు ల్యాబ్ రికార్డుల, సెమిస్టర్ పేపర్ల బయటపడుతది. అయిదు నిమిషాల్లో దిద్దుకునేది ఏడాది బ్యాక్‌లాగ్ అయితది. ఆ భయం బయటోళ్లు మాకు పెట్టింది అనుకున్నం ఇన్ని రోజులు. మా రూముల, చాప మీద, మా తమ్మునికి మేమే పెట్టినం.

ఇంక ఆ "బుద్ధి" మాట సంగతి. 1871లో ఇంగ్లీషోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అని చట్టం తెచ్చిండ్రు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా పెంచిండ్రు. ఒక కులంల, ఒక తెగల పుడితే చాలు, నేరం చేసినా చెయ్యకపోయినా పోలీసు రిజిస్టర్ల పేరు, ఊరు దాటాలంటే పర్మిషన్, హాజరు. అట్ల ముద్ర పడ్డోళ్లల్ల ఎరుకలోళ్లు ఉన్నరు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అట్ల పుట్టిన సెటిల్‌మెంటే, సాల్వేషన్ ఆర్మీ చేతుల పెట్టి నడిపిండ్రు. సాక్ష్యం ఏంది అని అడిగే పనే లేదు, పుట్టుకనే సాక్ష్యం. దేశానికి స్వతంత్రం వచ్చినాక కూడా అయిదేండ్లు ఆగి, 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. పుస్తకంల నుంచి పోయింది. మా రూముల మూల నుంచి ఒకడు మెల్లగ అన్నడంటే నోట్ల నుంచి పోలేదనే కదా.

ఆ అన్నోడు చెడ్డోడు కాదు. వాడే ఇంటర్ల ఉన్నప్పుడు ఒక పరీక్షల క్లాసు ఫస్టు వచ్చిండు. "తండా నుంచి వచ్చినోనికి ఇన్ని మార్కులా, ఎవరిది చూసి రాసినవ్" అని స్టాఫ్ రూముల ఒంటరిగ కూసోబెట్టి మళ్లా రాపిచ్చిండ్రు. మళ్లా అన్నే వచ్చినయి, రెండు మార్కులు ఎక్కువనే వచ్చినయి. ఎవ్వరూ సారీ చెప్పలే. ఆ రోజు ఏడ్చిన కథ వాడు మాకు పదిసార్లు చెప్పిండు. తన మీద పడ్డ రాయిని తీసి ఇంకొకని మీద వేసిండని వాడికి కూడా ఆ నిమిషాన తెల్వలే.

మన భాషల ఆటకు వేరే మాటలున్నయి, గమనించిండ్రా? బయట చేస్తే మోసం, దొంగతనం. ఆటల చేస్తే తొండి. తొండి అంటే కోపం ఉంటది గానీ జీవితకాలం ముద్ర ఉండదు. తొండి చేసినోన్ని ఒక ఆట పక్కన కూసోబెడితే అయిపాయె, తెల్లారి మళ్లా వాడే రావాలె, లేకుంటే కబడ్డీకి ఏడుగురు కారు. ఇంకా చిన్నోళ్లు ఉంటే "ఆటల అరటిపండు" అంటం. ఆడుతరు, ఉరుకుతరు, అవుటైనా లెక్కల ఉండదు. నేర్చుకునేదాకా తప్పు చేసే హక్కు అన్నట్టు. మా తమ్ముడు కథాటకు వచ్చి మూడు వారాలు. వాడు అరటిపండు కావాల్సినోడు. మేం వాన్ని ముద్దాయిని చేసినం.

అవ్వలు అష్టాచమ్మా ఆడుడు చూసే ఉంటరు. గవ్వలు లేకుంటే చింతగింజలను ఒక పక్క అరగదీసి తెల్లగ చేసి వేస్తరు. నాలుగు తెల్లగ పడితే చమ్మా, నాలుగు నల్లగ పడితే అష్టా. మా ఇండ్లల్ల వేసినోళ్లు గింజలను ముట్టుకోవద్దు, ఎదుటోళ్లు లెక్కబెట్టి చెప్పాలె. గోడకు ఆనుకొని నిలబడితే మళ్లా వెయ్యాలె. ఇండ్లల్ల ఆడినన్ని రోజులు ఇదేందో చాదస్తం అనుకున్నం. ఇప్పుడు సమజైంది. ఎదుటోళ్లు లెక్కబెడితే తొండికి జాగనే లేదు, అనుమానానికీ జాగ లేదు. మనిషి మంచోడా కాదా అనే పంచాయితీ రాకుండనే ఆట నడుస్తది. మేం కథాటల ఏం చేసినం? చిట్టీ తీసినోడే చూసుకోవాలె, వాడే కలపాలె, మొత్తం ఒక్కటే చెప్పాలె అని పెట్టుకున్నం. అనుమానం మేమే నాటుకున్నం.

చదరంగంల ఇది ఇంకా సాఫుగ ఉంటది. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2800 రేటింగ్ దాటినప్పటి నుంచి మా హాస్టల్ల చెస్ పిచ్చి పట్టింది, అందుకే రూల్స్ చదివినం. మామూలు టోర్నీ ఆటల రూలుకు వ్యతిరేకంగ ఎత్తు వేసి గడియారం కొడితే, మొదటిసారి ఎదుటోళ్లకు రెండు నిమిషాలు ఎక్కువ ఇస్తరు. రెండోసారి వేస్తే మామూలుగ ఆట ఓడినట్టే. కావాలని వేసిండా, తెల్వక వేసిండా అని రెఫరీ అడగడు. తప్పు ఎత్తు తీస్తడు, ఆట సాగుతది. మోసం చేసిండనే మాట పూర్తిగ వేరే, దానికి వేరే విచారణ.

ఆ రెండూ కలిస్తే ఏమైతదో 2022 సెప్టెంబర్ల ప్రపంచమంతా చూసింది. మాగ్నస్ కార్ల్‌సన్ అమెరికాల సింక్‌ఫీల్డ్ కప్పుల హాన్స్ నీమన్ చేతిల ఓడిపోయి, తెల్లారి టోర్నీ నుంచే వెళ్లిపోయిండు. ముందు మోసం అనే మాట నోట్ల నుంచి అనకుండనే ప్రపంచమంతా అనుకునేటట్టు చేసిండు. నీమన్ చిన్నప్పుడు ఆన్‌లైన్ల మోసం చేసినట్టు తనే ఒప్పుకున్నడు. చెస్ డాట్ కామ్ అయితే వందకు పైగా ఆన్‌లైన్ ఆటల్ల చేసి ఉంటడని రిపోర్టు ఇచ్చింది. కానీ ఆ రోజు బల్ల మీద ఆడిన ఆటల మోసం చేసిండని రుజువు ఎవ్వరూ చూపలే. 2023 డిసెంబర్ల ఫిడే ఎథిక్స్ కమిషన్, సరైన కారణం లేకుండా టోర్నీ వదిలినందుకు కార్ల్‌సన్‌కు 10,000 యూరోల జరిమానా వేసింది, మిగతా విషయాల్ల తప్పు పట్టలే. మాకు ఇందులో ఒకటి నచ్చింది: పాతది ఉన్నా సరే, ఈ ఆటకు ఈ ఆట రుజువే కావాలన్నది. ఒకటి నచ్చలే: తేలడానికి ఏడాదికి పైగా పట్టింది, అప్పటిదాకా నీమన్ ఏడికి పోయినా అదే ముచ్చట.

ఇంత రాసినంక "అయితే నిజంగ తొండి చేసినా ఊకోవాలెనా" అని అడుగుతరు. కాదు. మాలోనే ఒకడు నిజంగ చేసిండు. సంక్రాంతికి ముందు. ఇరవై చిట్టీ అంచు కొంచెం మడిచి పెట్టుకున్నడు, చేతికి తగిలితే తెలిసేటట్టు. పక్కోడు చూసిండు. అప్పుడు అక్కడ అరవలే. ఆట అయినాక పెద్దమనిషికి చెప్పిండు. పెద్దమనిషి తెల్లారి అన్ని చిట్టీలు కొత్తవి చేసి, మడిచిన చిట్టీ వాని చేతుల పెట్టి "ఇది ఏంది" అన్నడు. ఒక్కటే మాట. వాడు కాసేపటికి ఒప్పుకున్నడు. వాని మనిషి కథల రెండుసార్లు చచ్చిపోయిండు, మూడోసారి కూడా చస్తే ఆడుడు బందు చేద్దామనుకున్నడట. "బయట ఏడ గెలుస్తున్నమన్నా, ఇండ్ల కూడా ఓడిపోవుడేనా" అన్నడు. మడిచిన చిట్టీతోటి గెలిచినయన్నీ పెద్దమనిషి తీసేసిండు. ఎవరెవరి వంతు నష్టమైందో వాళ్లకు వాడే చెప్పాలె అన్నడు. చెప్పిండు. ఆడుతున్నడు ఇప్పటికీ.

ఇది సరిపోదు అనేటోళ్లు మాలో ఇద్దరున్నరు. వానివల్ల ఒకరి మనిషి కథల నెలరోజులు దెబ్బ తిని పడుంది, ఆ కోపం ఉన్నది, అది న్యాయమైన కోపమే. మేం వాళ్లను ఒప్పించలేకపోయినం. కానీ ఒక్కటి అడుగుతున్నం: నిజంగ చేసినోన్ని ఒంటరిగ పిలిచి మెల్లగ అడిగినం, ఏం చెయ్యనోన్ని అందరి ముందట లేపినం. ఎందుకట్ల? మొదటోడు మా సీనియర్, రెండోడు జూనియర్. ఇంకేం లేదు. పైసలు పెట్టి ఆడేదాని సంగతి వేరే, అక్కడ ఈ మెత్తదనం పనికిరాదు, అసలు పైసల ఆట మా రూముల లేదు, ఉండొద్దు.

పెద్దమనిషి మీద కూడా ఒక మాట. అమెరికా పద్ధతిల కథ నడిపేటోడు అట్ట అడ్డం పెట్టుకొని దాని వెనక డైసు వేస్తడు, కథ బాగుండాలని అంకె మార్చి చెప్పినా ఎవ్వరికీ తెల్వదు. దాన్ని తప్పు అనేటోళ్లున్నరు, అవసరం అనేటోళ్లున్నరు. మేం తీసేసినం. అందరి చిట్టీ చూపియ్యాలె అన్నప్పుడు ఆయనది మాత్రం చాటుకు ఎందుకు? తండాల నాయకైనా, గూడెంల పటేలైనా పంచాయితీ చెట్టు కిందనే చెప్తరు, ఇంట్ల తలుపేసుకొని చెప్పరు.

తమ్ముని సంగతి చెప్పలే కదా. కాగితం చూసిన రోజే "తొండి" అన్నోడు పోయి సారీ చెప్పిండు. ఏడ? బాత్‌రూముల దగ్గర నల్లా కాడ, ఎవ్వరూ లేనప్పుడు. నింద రూమంతా వింటుంటే, సారీ నల్లా నీళ్ల చప్పుడుల. తమ్ముడు "పర్వాలేదన్నా" అని బకెట్ తీసుకొని పోయిండు. భోజనానికి మాత్రం రాలే. తర్వాత ఆదివారం చికెన్ రోజు, మెస్సుల అందరం ఉన్నప్పుడు మూల నుంచి ఆ మాట అన్నోడు లేచి నిలబడి చెప్పిండు. ఏమన్నడో అట్లనే చెప్పిండు, మాట మింగలే. నవ్విన ఇద్దరు కూడా లేచినరు. ఆ రోజు నుంచి తమ్ముడు మా వరుసల కూసుంటున్నడు. ఆటకు మాత్రం ఇంకా రాలే. వేరే రూముల పులి మేక ఆడుతున్నడు. రమ్మని రోజూ అడుగుడు కూడా బాగుండదని ఊకున్నం.

ఇప్పుడు మేం ఆడే తీరు ఇట్ల: చిట్టీ తీసినోళ్లు చాప మీద పెట్టాలె, పక్కోళ్లు చదవాలె, ముందు చిట్టీ అంకె, తర్వాత కలిపే అంకె, తర్వాత మొత్తం పైకి చెప్పాలె. ఆరు, తొమ్మిది కింద గీత గీసినం, అది తలకిందులైతే ఏదో తెల్వక ఎన్ని ఎలుగుబంట్లు బతికినయో, ఎన్ని చచ్చినయో! మొదటి నెల ఆడేటోళ్ల తప్పు దొరికితే ఆ లెక్క ఒక్కటి దిద్దుతం, పోయిన వారం గెలిచింది వెనక్కి తీసుకోం. తమ్ముడు చంపిన ఎలుగుబంటి కూడా చచ్చినట్టే ఉంచినం. వాని కాగితం డబ్బాల భద్రంగ ఉంది, విలువిద్య పక్కన "బలం ఇందులోనే కలిసింది" అని రాసినం, వాని పెన్సిల్ లెక్కలు మాత్రం చెరపలే.

హైదరాబాద్‌ల, హనుమకొండల ఉండే అన్నలు అక్కలు ఎవరన్న సెలవులకు ఇటు వస్తే ఇరవై ముఖాల డైసు ఒకటి తెచ్చిపెట్టుర్రి. పైసలు మేం తలా కొంత వేసుకొని ఇస్తం. అట్ట చిట్టీలు చెమటకు మెత్తబడుతున్నయి, అంచులు వాటంతట అవే మడుస్తున్నయి.